పడవ నీళ్లొదిలి లేచాక: తెరచాప పందాల్లో వేగం ఏం మార్చింది?

సంక్షిప్తంగా: ఇంజిన్ లేకుండా, గాలి ఒక్కదానితోనే గంటకు 90 కిలోమీటర్లు దాటే రేసింగ్ యాట్లు ఇప్పుడు పెద్ద పోటీల్లో మామూలైపోయాయి. నీళ్లలో ఉండే ఫాయిల్స్ అనే రెక్కలు పడవను పైకి లేపడమే ఈ వేగానికి మూలం. అయితే మారింది వేగం ఒక్కటే కాదు. తప్పు ఖరీదు పెరిగింది, ఆలోచించుకునే వ్యవధి తగ్గింది, గెలుపోటముల్లో పెద్ద వాటా పడవ నీళ్లలోకి దిగకముందే తేలిపోతోంది. పాత తరహా పందాలు మాత్రం తమ చోటు ఖాళీ చేయలేదు.

గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే, ఆ గాలితో నడిచే పడవ 80 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవడం వీడియోల్లో చూసినవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం, ఎక్కడో మోటారు దాచి ఉంటారని. ఆ వెంటనే వచ్చే అనుమానం, అసలు ఇది తెరచాప పందెమేనా అని. రెండూ సబబైనవే. మొదటిదానికి జవాబు భౌతికశాస్త్రంలో దొరుకుతుంది. రెండోదానికి అంత సూటి జవాబు లేదు. పడవ ఆకారం మారినప్పుడల్లా పందెం నియమాలు, సిబ్బంది పనులు, చూసేవాళ్ల అలవాట్లు కూడా మారుతూ వచ్చాయి. వీటిలో ఏది ముఖ్యమనుకుంటారన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది.

నీరే వేసే బ్రేకు

తెరచాప పడవల వేగాన్ని నాట్స్‌లో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

అడుగున బరువైన కీల్ (కిందికి దిగి ఉండే రెక్కలాంటి భాగం) ఉన్న సంప్రదాయ యాట్ నీటిని చీల్చుకుంటూ పోతుంది. దాని ముందు భాగం దగ్గర ఒక అల లేస్తుంది, వెనక మరొకటి. వేగం పెరిగేకొద్దీ ఆ అలల మధ్య దూరమూ పెరుగుతుంది. ఒక దశలో ఆ దూరం పడవ పొడవుతో సమానమవుతుంది. అక్కడితో పడవ తాను లేపిన అలల మధ్య గుంటలో తానే చిక్కుకుంటుంది. గాలి ఇంకా గట్టిగా వీచినా ఆ బలమంతా పెద్ద అలలు లేపడానికే ఖర్చవుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. ఈ హద్దునే హల్ స్పీడ్ అంటారు, హల్ అంటే పడవ మొండెం. లెక్క తేలికే: నీటి మట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్స్‌లో వేగం వస్తుంది. 30 అడుగులకు సుమారు 7.3 నాట్స్, 45 అడుగులకు 9.

వేగం కావాలంటే పొడవు కావాలన్న సూత్రం ఇక్కడి నుంచి వచ్చిందే. 1930ల్లో అమెరికాస్ కప్ అనే యాట్ పోటీలో తలపడిన జె-క్లాస్ పడవలు అంత భారీగా ఉండటానికి కారణాల్లో ఇదొకటి. పొడవు పెంచకుండా ఈ హద్దు దాటడానికి రెండు దారులు చాలాకాలంగా ఉన్నాయి. తేలికైన డింగీ (చిన్న పడవ) ఒక వేగం దాటాక నీటిపై జారుతుంది. రెండు సన్నని హల్స్ ఉన్న క్యాటమరాన్ అసలు పెద్ద అలలే లేపదు. అయినా ఈ రెండూ నీటిని తాకుతూనే ఉండాలి. తాకినంతసేపూ రాపిడి తప్పదు.

ఫాయిల్ ఏం చేస్తుంది?

హైడ్రోఫాయిల్ అంటే నీటి అడుగున ఉండే చిన్న రెక్క. విమానం రెక్క గాలిలో చేసే పనే ఇది నీటిలో చేస్తుంది. నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది కాబట్టి టన్నుల బరువు లేపడానికి కూడా చిన్న రెక్క సరిపోతుంది. రెక్క ఇచ్చే ఎత్తుడు బలం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. ఒక వేగం దగ్గర పడవ మొత్తం పైకి లేస్తుంది. నీళ్లలో ఫాయిల్, చుక్కాని మాత్రమే మిగులుతాయి. నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది, పడవ ఉరుకుతుంది. హల్ స్పీడ్ సూత్రానికి ఇక పని ఉండదు.

లేవడం ఒక ఎత్తయితే, లేచిన చోట నిలబడటం ఇంకో ఎత్తు. ఎక్కువ లేస్తే ఫాయిల్ నీటి పైకి వచ్చి పట్టు జారుతుంది, పడవ మూతి నీళ్లకు కొట్టుకుంటుంది. తక్కువ లేస్తే హల్ నీటిని తాకి వేగం చస్తుంది. ఒక్కరే నడిపే మాత్ అనే 11 అడుగుల డింగీలో దీనికి దొరికిన పరిష్కారం చూడముచ్చటైనది. పడవ ముందు భాగం నుంచి ఒక సన్నని కర్ర వేలాడుతూ నీటి ఉపరితలాన్ని రాసుకుంటూ వెళుతుంది. పడవ పైకి లేస్తే కర్ర కిందికి వాలుతుంది. దానికి కట్టిన చిన్న కడ్డీలు ఫాయిల్ వెనక అంచున ఉన్న ఫ్లాప్‌ను కదిపి ఎత్తుడు తగ్గిస్తాయి. పడవ కిందికి దిగితే కర్ర వెనక్కి నెట్టుకుపోయి ఫ్లాప్ తిరగబడుతుంది, ఎత్తుడు పెరుగుతుంది. బ్యాటరీ లేదు, కంప్యూటర్ లేదు. 2005లో ఆస్ట్రేలియాకు చెందిన రోహన్ వీల్ ఫాయిల్ మాత్‌తో ప్రపంచ టైటిల్ గెలిచాక, ఫాయిల్ లేని మాత్‌తో పోటీకి దిగడంలో అర్థం లేకుండా పోయింది.

పెద్ద పడవల్లో ఈ వ్యవహారం చాలా క్లిష్టం. 2021 నుంచి అమెరికాస్ కప్‌లో వాడుతున్న ఏసీ75కి ఒకటే హల్, కీల్ లేదు. రెండు పక్కలా పెద్ద చేతుల్లాంటి ఫాయిల్ ఆర్మ్స్ ఉంటాయి. గాలి వీచే వైపు కాకుండా అవతలి వైపు చేయి నీళ్లలోకి దిగి పడవను మోస్తుంది. గాలివైపు చేయి పైకి లేచి తన బరువుతో పడవ బోల్తా పడకుండా ఆపుతుంది. పాత యాట్లలో కీల్ అడుగున ఉండే సీసం చేసే పని ఇప్పుడు గాలిలో వేలాడే ఆ చేయి చేస్తుందన్నమాట. దిశ మార్చిన ప్రతిసారీ రెండు చేతులూ పాత్రలు మార్చుకోవాలి. ఎత్తును కాచే బాధ్యత మాత్‌లోలా కర్రది కాదు, మనిషిది. తనంతట తానే సర్దుకునే ఆటోమేటిక్ వ్యవస్థను నిబంధనలు ఒప్పుకోవు.

గాలి కంటే వేగంగా ఎలా?

గాలి నెట్టే వస్తువు గాలి కంటే వేగంగా పోలేదన్న మాట గాలివాటుగా తేలిపోయే గుడ్డపేలికకు వర్తిస్తుంది. తెరచాప పడవ గాలికి అడ్డంగానో, ఏటవాలుగానో వెళ్లేటప్పుడు పని చేసేది నెట్టుడు కాదు, తెరచాప రెక్కలా పుట్టించే బలం. గాలి కదలని రోజున సైకిల్ తొక్కినా ముఖానికి గాలి తగులుతుంది. పడవకూ అంతే, దాని కదలిక వల్ల పుట్టే గాలి, అసలు గాలి కలిసి తెరచాపను తాకుతాయి. ఈ కలయికను అపారెంట్ విండ్ అంటారు. పడవ వేగం పెరిగితే ఈ గాలి బలపడుతుంది, బలపడిన గాలి పడవను ఇంకా తోస్తుంది. నిరోధం అడ్డు పడేదాకా ఇది సాగుతుంది. సంప్రదాయ పడవలో నీటి నిరోధం త్వరగా అడ్డు పడుతుంది. ఫాయిల్ పడవలో చాలా ఆలస్యంగా పడుతుంది కాబట్టి గాలి వేగానికి మూడు రెట్లు అందుకోవడం అసాధ్యం కాదు.

దీని పర్యవసానం ఒకటి కంటికి కనిపిస్తుంది. పాత యాట్లు గాలివాటుగా వెళ్లేటప్పుడు స్పినకర్ అనే రంగురంగుల గుమ్మటంలాంటి తెరచాప విప్పుతాయి. ఫాయిల్ పడవల్లో అది ఉండదు. అవి ఎటు వెళ్లినా వాటికి గాలి ముందు నుంచే తగులుతుంది కాబట్టి తెరచాపలు ఎప్పుడూ బిగువుగా, దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. సెయిల్ జీపీ అనే పోటీల వరసలో వాడే ఎఫ్50 క్యాటమరాన్లకైతే గుడ్డ ప్రధాన తెరచాప బదులు నిటారుగా నిలబెట్టిన గట్టి రెక్క ఉంటుంది. పోటీ చూసేవాళ్లకు ఒక అందం పోయింది, కాదనలేం.

50 నాట్స్ దగ్గర గోడ

ఈ వేగం ఎక్కడిదాకా పెరుగుతుంది? 50 నాట్స్ చుట్టుపక్కల నీరే మళ్లీ అడ్డం తిరుగుతుంది. ఫాయిల్ పై ఉపరితలం మీద ఒత్తిడి ఎంతగా పడిపోతుందంటే అక్కడి నీరు వేడెక్కకుండానే మరిగి ఆవిరి బుడగలవుతుంది. దీన్ని క్యావిటేషన్ అంటారు. బుడగలు కమ్మిన రెక్క ఎత్తుడు కోల్పోతుంది, పడవ అదుపు తప్పుతుంది. పైనుంచి గాలి ఫాయిల్ వెంట కిందికి జారి పట్టు తప్పించడం ఇంకో బెడద.

ఈ గోడను దాటినవాళ్లు లేకపోలేదు. 2012 నవంబర్ 24న నమీబియాలోని వాల్విస్ బే దగ్గర పాల్ లార్సెన్ నడిపిన వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2 అనే పడవ 500 మీటర్ల దూరాన్ని సగటున 65.45 నాట్స్‌తో, అంటే గంటకు 121 కిలోమీటర్ల వేగంతో, 15 సెకన్లలోపే దాటింది. క్యావిటేషన్‌తో పోరాడకుండా, నీళ్లలో ఖాళీ ఏర్పడటాన్ని ముందే ఒప్పుకుని దానికి తగ్గట్టు మలిచిన ఫాయిల్ దానిది. కానీ అది ఒక వైపు గాలికి మాత్రమే నడిచేలా కట్టిన పడవ. మలుపు తిరిగి తిరుగు ప్రయాణం చేయడం దానికి కుదరదు. రికార్డు పడవకూ రేసు పడవకూ తేడా ఇక్కడే. రేసు పడవ ఎదురుగాలికి ఎక్కాలి, గాలివాటుగా దిగాలి, మలుపులు తిరగాలి, పక్క పడవను తప్పించుకోవాలి. అందుకే ఏసీ75లు, ఎఫ్50లు 50 నాట్స్ పైన కొద్ది దూరంలోనే ఉన్నాయి.

ఎత్తుగడల లెక్క తలకిందులైంది

రెండు తరహాల మధ్య అసలు తేడా ఇక్కడుంది. అది అర్థం కావాలంటే రెండు రేసులను పక్కపక్కన పెట్టి చూడటం మేలు.

1983 సెప్టెంబర్ 26, అమెరికాలోని న్యూపోర్ట్. అమెరికాస్ కప్ చెరి మూడు గెలుపులతో ఏడో రేసుకు వచ్చింది. 12 మీటర్ తరగతి పడవలు, సిబ్బంది పదకొండు మంది చొప్పున. డెన్నిస్ కానర్ నడుపుతున్న అమెరికా పడవ లిబర్టీ ముందుంది. గాలివాటుగా సాగే ఐదో లెగ్‌లో (రేసులో ఒక భాగం) ఆస్ట్రేలియా 2 మెరుగైన గాలి దొరికిన వైపు వెళ్లి దాన్ని దాటేసింది. మిగిలింది ఎదురుగాలికి ఎక్కే చివరి లెగ్. ముందున్న పడవ చేసే పని వెనక పడవకూ గెలుపు గీతకూ మధ్యలో ఉండి, తన తెరచాపలు చెదరగొట్టిన గాలి దానికి తగిలేలా చేసి దాని గాలిని పాడు చేయడం. దాన్నుంచి తప్పించుకోవడానికి లిబర్టీ నలభైకి పైగా సార్లు దిశ మార్చింది. ప్రతిసారీ ఆస్ట్రేలియా 2 సారథి జాన్ బెర్‌ట్రాండ్ సిబ్బంది కూడా మార్చారు. విడిపించుకోవడం కుదరలేదు. ఆస్ట్రేలియా 2 గెలిచింది 41 సెకన్ల తేడాతో. 132 ఏళ్లుగా న్యూయార్క్ యాట్ క్లబ్ చేతిలో ఉన్న కప్ అలా చేజారింది. ఆ పోరు సాధ్యం కావడానికి కారణం, ఆ పడవల్లో ఒక టాక్ (ఎదురుగాలిలో ఇలా దిశ మార్చడం) ఖర్చు కొద్ది మీటర్లే. ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు.

2021 మార్చి, ఆక్లాండ్. ఏసీ75ల ఫైనల్లో ఎనిమిదో రేసు. గాలి పలుచగా ఉంది. న్యూజీలాండ్ పడవ ఇటలీకి చెందిన లూనా రోసా వదిలిన పాడైన గాలిలోకి మలుపు తిరిగి ఫాయిల్స్ మీద నుంచి నీళ్లలో పడిపోయింది. మళ్లీ లేవాలంటే వేగం కావాలి, వేగం కావాలంటే లేవాలి. ఈ లోపు ఇటలీ రెండు కిలోమీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోయింది. రేసు అయిపోయిందనుకున్నారంతా. కాసేపటికి లూనా రోసా కూడా ఫాయిల్స్ మీద నుంచి పడింది. ఈసారి న్యూజీలాండ్ ఎగురుతోంది. చివరికి న్యూజీలాండ్ దాదాపు నాలుగు నిమిషాల తేడాతో నెగ్గింది.

మొదటి రేసులో 41 సెకన్ల తేడా కోసం గంటలకొద్దీ ఎత్తులూ పైఎత్తులూ. రెండోదాంట్లో ఒక్క జారుడుకు కిలోమీటర్లు. ఫాయిల్ పడవలో చేయగలిగిన ప్రయత్నాల సంఖ్య తక్కువ, ప్రతి ప్రయత్నం ఖరీదు ఎక్కువ. అందుకే నడిపేవాళ్లు వీలైనన్ని తక్కువ మలుపులతో పని కానిస్తారు. పోటీ నిర్వాహకులకు ఇది తెలుసు. పడవలు చెరో మూలకు పోయి ఒకదాన్నొకటి చూసుకోకుండా ఉండకూడదని పక్కల కూడా హద్దులు గీస్తారు. అవి నీళ్లపై కనిపించే గీతలు కావు, జీపీఎస్ లెక్కలో ఉండే గీతలు. హద్దు వచ్చిందంటే తిరగక తప్పదు. పాత పందాల్లో సముద్రం విశాలంగా ఉండేది, ఎవరు ఏ వైపు గాలిని నమ్ముకుంటారన్నదే ఆసక్తి. ఇప్పుడా జూదానికి చోటు తగ్గింది.

వ్యవధి సంగతీ అంతే. ఎదురుగాలికి ఎక్కుతున్న రెండు పడవలు ఒకదానికొకటి ఇంచుమించు లంబకోణంలో ఎదురవుతాయి. ఒక్కోటి 7.5 నాట్స్‌తో వస్తూ మధ్య దూరం 200 మీటర్లుంటే, ఎవరు ముందు దాటుతారో, ఎవరు తప్పుకోవాలో తేల్చుకోవడానికి అర నిమిషం పైనే ఉంటుంది. అదే 40 నాట్స్ చొప్పున వస్తుంటే ఏడు సెకన్లు. ఎడమ వైపు నుంచి గాలి అందుకుంటున్న పడవ, కుడి వైపు నుంచి అందుకుంటున్న పడవకు దారి ఇవ్వాలన్న మూల నియమం రెండింటిలోనూ ఒకటే. నియమం మారలేదు, దాన్ని పాటించడానికి దొరికే సమయం మారింది.

తీర్పు చెప్పే పద్ధతి కూడా అందుకే మారింది. ఒకప్పుడు ఫిర్యాదు జెండా ఎగరేసి, సాయంత్రం ఒడ్డున విచారణకు కూర్చునేవారు. 1992 నుంచి అమెరికాస్ కప్‌లో అంపైర్లు నీళ్లపైనే వెంటనే తీర్పు చెప్పడం మొదలైంది. ఇప్పుడు ఉపగ్రహ కొలతలు చూస్తూ తెరల ముందు కూర్చుని చెబుతున్నారు.

డెక్ మీద ఎవరేం చేస్తారు?

సంప్రదాయ యాట్‌లో పని చేతులది, కళ్లది. ముందు చివర తెరచాపలు మార్చేవాళ్లు, తాళ్లు లాగేవాళ్లు, తాళ్లు బిగించే వించ్‌లు తిప్పేవాళ్లు, చుక్కాని పట్టేవాళ్లు, నీటి మీద ముదురు మచ్చల్లా కదిలే గాలి తెరలను దూరం నుంచే గమనించి చెప్పే టాక్టీషియన్. పడవ వంగితే బరువు కోసం అందరూ గాలివైపు అంచున వరసగా కూర్చుంటారు.

ఏసీ75లో కూర్చున్నవాళ్లు గుంటల్లో ఉంటారు, తలలు మాత్రమే కనిపిస్తాయి. 2017లో బెర్ముడాలో న్యూజీలాండ్ జట్టు చేతులతో తిప్పే హ్యాండిళ్లకు బదులు పడవలో సైకిల్ పెడల్స్ పెట్టించింది, కాళ్ల బలం చేతుల కంటే ఎక్కువ కాబట్టి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్ కాంస్యం గెలిచిన సైమన్ వాన్ వెల్‌తూవెన్ ఆ జట్టులో ఉన్నాడు. 2024 బార్సిలోనాలో ఎనిమిది మంది సిబ్బందిలో నలుగురు ఇలా తొక్కేవాళ్లే. తెరచాపలను కదిపే హైడ్రాలిక్ ఒత్తిడి వాళ్ల కాళ్ల నుంచి వస్తుంది. ఫాయిల్ చేతులను లేపి దించే శక్తి మాత్రం బ్యాటరీలది. గాలితో, మనిషి బలంతో మాత్రమే నడిచే ఆట అని చెప్పుకునే చోట ఈ మినహాయింపు మీద పాతకాలపు నావికులు చేసే విమర్శ కొట్టిపారేయదగ్గది కాదు.

గాలి పడిపోతే

వేగవంతమైన పడవల అసలు బలహీనత ఇదే. గాలి తగ్గితే సంప్రదాయ పడవ నెమ్మదిస్తుంది. ఫాయిల్ పడవ ఎగరడం మానేసి, ఎగరడానికి కట్టిన బరువులన్నీ మోసుకుంటూ ఈడుస్తుంది. అమెరికాస్ కప్ ఏసీ75 పోటీల్లో కనీసం 6.5 నాట్స్ గాలి లేనిదే రేసు మొదలుపెట్టరు.

2013 శాన్ ఫ్రాన్సిస్కోలో దీని దెబ్బ రుచి చూసింది న్యూజీలాండే. కప్ గెలవడానికి ఇంకొక్క గెలుపు చాలు. 13వ రేసులో పలుచటి గాలిలో ఆ జట్టు చాలా ముందుంది. కానీ రేసు 40 నిమిషాల్లో ముగియాలన్న పరిమితి ఉంది. గీత చేరకముందే సమయం అయిపోయి రేసు రద్దయింది. ఆ తర్వాత అమెరికాకు చెందిన ఒరాకిల్ జట్టు వరసగా గెలుస్తూ పోయి 9-8తో కప్ ఎగరేసుకుపోయింది. ఆ పరిమితి టీవీ ప్రసారం కోసం పెట్టినదే. పాత పందాల్లో ఒక రేసు మూడు నాలుగు గంటలు పట్టినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. అంతసేపు తెర ముందు కూర్చునేవాళ్లూ ఎక్కువ లేరనుకోండి.

ప్రమాదం రూపు మారింది

2013 మే 9న అప్పటి అమెరికాస్ కప్ పడవైన ఏసీ72 క్యాటమరాన్ సాధనలో ఉండగా విరిగి బోల్తా పడటంతో బ్రిటన్ ఒలింపిక్ విజేత ఆండ్రూ సింప్సన్ చనిపోయారు. దాని తర్వాత పోటీలకు అనుమతించే గాలి పరిమితిని 33 నుంచి 23 నాట్స్‌కు తగ్గించారు. హెల్మెట్, రక్షణ కవచం, నీళ్లలో చిక్కుకుంటే పీల్చుకోవడానికి చిన్న గాలి సిలిండర్ ఇప్పుడు ఈ ఆటలో మామూలు సామగ్రి.

అలాగని నెమ్మది పడవలు సురక్షితమని కాదు. 1979 ఫాస్ట్‌నెట్ రేసులో తుపానులో 15 మంది పోటీదారులు చనిపోయారు. 1998 సిడ్నీ-హోబార్ట్‌లో ఆరుగురు. అక్కడ ప్రమాదం సముద్రానిది, గంటలు గంటలుగా పెరుగుతూ వస్తుంది. ఫాయిల్ పోటీల్లో ప్రమాదం వేగానిది. తీరానికి దగ్గరగా, రక్షణ పడవలు పక్కనే ఉండగా, రెప్పపాటులో జరుగుతుంది. జాగ్రత్తలు కూడా వేరు వేరు రకాలే.

డిజైనర్ల పోటీయా, నావికుల పోటీయా?

ఈ వాదన కొత్తది కాదు. 1983లో ఆస్ట్రేలియా 2 కీల్ అడుగున దాని డిజైనర్ బెన్ లెక్సెన్ పెట్టిన రెక్కలను ఒడ్డున ఉన్నప్పుడు గుడ్డలు కట్టి దాచేవారు. 1988లో న్యూజీలాండ్ భారీ పడవ తెస్తే అమెరికన్లు క్యాటమరాన్ దింపారు. పోటీ ఏకపక్షమైంది, వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. అమెరికాస్ కప్ 1851లో మొదలైనప్పటి నుంచీ మెరుగైన పడవ కట్టినవాడికే మొగ్గు.

ఫాయిల్స్ వచ్చాక ఆ మొగ్గు ఇంకా పెరిగింది. కీల్ పడవల్లో డిజైన్ తేడా వేగంలో నాట్‌లో చిన్న వంతుగా బయటపడేది. మంచి నావికుడు దాన్ని కొంత పూడ్చగలిగేవాడు. ఫాయిల్ పడవలో ఒక జట్టు రెక్క కాస్త తక్కువ గాలిలోనే లేవగలిగితే, రెండో పడవ ఇంకా నీళ్లలో ఉండగానే అది వెళ్లిపోతుంది. అందుకే జట్లు పడవను నీళ్లలో దించడానికి ముందే సిమ్యులేటర్లలో చాలా కాలం గడుపుతాయి.

నావికుడు రస్సెల్ కౌట్స్, ఒరాకిల్ సంస్థాపకుడు లారీ ఎలిసన్ కలిసి పెట్టిన సెయిల్ జీపీ 2019లో దీనికి మరో జవాబుతో వచ్చింది. పడవలన్నీ ఒకటే నమూనా, ఒక జట్టు సెన్సర్ల సమాచారం మిగతా జట్లందరికీ అందుబాటులో ఉంటుంది. డిజైన్ రహస్యం ఉండదు, తేడా నడిపేవాళ్లలోనే. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. 2025 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆస్ట్రేలియా పడవ తెరచాప రెక్క కుప్పకూలింది. తనిఖీలో ఇతర రెక్కల్లోనూ అతుకుల లోపం బయటపడటంతో తర్వాతి రియో డి జనీరో పోటీనే రద్దు చేయాల్సి వచ్చింది. అందరికీ ఒకే పడవ అంటే లోపం కూడా అందరికీ ఒకటే.

నావికుల నైపుణ్యాన్ని తూచే విషయంలో ఈ రెండింటిలో సెయిల్ జీపీ పద్ధతే నిజాయితీ గలదనిపిస్తుంది. ఇంజనీరింగ్‌కు మాత్రం అది ఇచ్చేది తక్కువ. అందరూ ఒకే అచ్చులో ఉండాలంటే కొత్త ఆలోచన ఎవరికీ ముందుగా లాభించదు.

దూర ప్రయాణాల్లో మధ్యే మార్గం

తీరం వదిలి సముద్రంలోకి వెళితే బొమ్మ మారుతుంది. ఒక్కరే, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా భూమిని చుట్టే వాందే గ్లోబ్‌లో 2016 నుంచి ఫాయిల్స్ ఉన్న పడవలు పోటీ పడుతున్నాయి. కానీ వీటికి కీల్ ఉంది, చుక్కాని మీద ఎత్తుడు రెక్కలు నిషిద్ధం. కాబట్టి ఇవి పూర్తిగా ఎగరవు. లేస్తూ, పడుతూ, అలల మీద కొట్టుకుంటూ పోతాయి. అయినా ఫలితం తక్కువేం కాదు. 1989-90లో మొదటి పోటీ విజేతకు 109 రోజులు పట్టింది. 2024-25లో షార్లీ దలాన్ 64 రోజుల 19 గంటల్లో ముగించాడు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచేది 2018లో మళ్లీ మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసు. పాత నమూనా పొడుగు కీల్ పడవలు, జీపీఎస్ లేకుండా, సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్‌తో దారి వెతుక్కోవడం. 2018లో గెలిచిన జాన్-లుక్ వాన్ డెన్ హీడ్‌కు 211 రోజులు పట్టింది. అదే భూగోళం, మూడు రెట్లకు పైగా కాలం. రెండింటికీ పోటీదారులు దొరుకుతూనే ఉన్నారు.

సంప్రదాయ పందాలు నిలబడటానికి ఇంకో కారణం హ్యాండిక్యాప్ పద్ధతి. 628 నాటికల్ మైళ్ల సిడ్నీ-హోబార్ట్‌లో ముందుగా గీత దాటిన పడవకు పేరొస్తుంది. 2017లో కొమాంచీ ఒక రోజు 9 గంటల 15 నిమిషాల్లో చేరి పెట్టిన రికార్డు అలాంటిదే. కానీ అసలు ట్రోఫీ పడవ కొలతలను బట్టి సవరించిన సమయం ప్రకారం ఇస్తారు. చిన్న పడవ రోజు ఆలస్యంగా వచ్చినా గెలవవచ్చు. ఎగిరే పడవకూ ఎగరని పడవకూ మధ్య ఇలాంటి సవరణ కుదర్చడం కష్టం. ఎగిరిన క్షణంలో వేగం ఒక్కసారిగా మారిపోతుంది కాబట్టి ఒకే గుణకంతో దాన్ని పట్టుకోలేరు. సొంత పడవతో వారాంతాల్లో పోటీ పడేవాళ్లు ఫాయిల్స్ వైపు మూకుమ్మడిగా మళ్లకపోవడానికి ఖర్చుతో పాటు ఇదీ ఒక కారణం.

ఇక ముందు

ఒలింపిక్స్ ఈ రెండు ధోరణులనూ ఒకే గొడుగు కింద ఉంచే ప్రయత్నం చేస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం మార్సేలో జరిగిన పది సెయిలింగ్ పోటీల్లో ఐదు ఫాయిల్స్‌వి: పురుషులు, మహిళలకు విండ్‌సర్ఫింగ్, ఇద్దరికీ గాలిపటం లాగే కైట్ బోర్డు, మిశ్రమ జట్ల నాక్రా 17 క్యాటమరాన్. మిగతా ఐదు ఐఎల్‌సీఏ, 49ఇఆర్, 470 లాంటి నీటిని వదలని పడవలవి. ఫాయిల్స్ వాటా 2021లో జరిగిన టోక్యో పోటీల్లో ఒకటే, నాక్రా 17. ఒక్క ఒలింపిక్స్ తేడాలో ఒకటి నుంచి ఐదుకు పెరగడం మామూలు మార్పు కాదు. అదే సమయంలో మార్సేలో గాలి కోసం గంటలు గంటలు ఎదురుచూడటం, రేసులు వాయిదా పడటం కూడా అందరూ చూశారు. ఫాయిల్స్ వాటా ఇంకా పెంచాలని వాదించేవాళ్లకు అది అనుకూలమైన వారం కాదు.

2027లో నేపుల్స్‌లో జరగాల్సిన అమెరికాస్ కప్‌లో పెడల్ తొక్కేవాళ్లు ఉండరు. వాళ్ల స్థానంలో బ్యాటరీలు వస్తాయి, సిబ్బంది ఐదుగురికి తగ్గుతారు, అందులో కనీసం ఒక మహిళ ఉండాలి. కాళ్ల బలం అవసరం పోవడంతో చుక్కాని, తెరచాప, ఫాయిల్ మీద చేతులుంచిన కొద్దిమంది నిర్ణయాలే మిగులుతాయి. గెలుపుకు నావికుల తెలివి మీద మరింత బరువు పడుతుందని చెప్పుకోవచ్చు. కానీ తెరచాపలూ ఫాయిల్ చేతులూ కదిపే శక్తి అంతా బ్యాటరీ నుంచి వస్తున్నప్పుడు ఆ పడవను సంప్రదాయ యాట్‌తో కలిపే తాడు ఇక ఒక్కటే మిగులుతుంది: ముందుకు తోసేది గాలే. నిబంధనలు రాసేవాళ్లు ఆ ఒక్క దాన్ని ఇప్పటిదాకా ముట్టుకోలేదు.